నల్లకోట నీళ్ళవ్వ

అజీమున్నీసా రోజూ పొద్దున్నే మిల్లు కూత వేయకముందే వచ్చి గేటు బయటే ఆగేది. ఆదోనికి పత్తి బండ్లు వచ్చే ఆ బాటకు ఒక పక్కంతా సర్కారు కంప. నిండుగా వేసిన బండ్లు దాన్ని రాసుకుంటూ పోతే ముళ్ళకు పత్తి పోచలు పట్టుకొని, మంచుకు తడిసి, తెల్లారేసరికి కంపచెట్టు పూసినట్టు కనబడేది. ఆ పత్తి రైతుదీ కాదు, షావుకారుదీ కాదు, ముళ్ళకు దేవుడిచ్చిన భాగం అనేదామె. బిస్మిల్లా అనుకుంటూ ఒక్కొక్క పోచా పీకి, గోడవార గొంతుక్కూచుని, తొడమీద ఎడమ అరచేత్తో రుద్ది ఒత్తులు చేసేది. కొన్ని దర్గాలో దీపానికి. తక్కినవి షెడ్డులో ఆడవాళ్ళకు. గంగమ్మ ఇంట్లో ఉరుకుంద ఈరన్న పటం ముందర వెలిగేది ఆ ఒత్తే. జయమ్మ గురువారం గురువారం మంత్రాలయం సామికి పెట్టే దీపంలో కాలేదీ ఆ ఒత్తే. ఎవరి దేవునికి ఎన్ని కావాలో ఆమెకు తెలుసు. అడిగించుకోకుండానే కొంగున కట్టిచ్చేది.

ఆమె కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మాత్రమే మిగిలినాయి. పుట్టింది తుంగభద్ర ఒడ్డున మాధవరంలో. జట్కా తోలే ఉస్మాన్ సాబ్‌ను చేసుకొని ఆదోనికి వచ్చింది. ఆయన జ్వరమొచ్చి పోయినాక మిల్లులో పనికి కుదిరి, పత్తిని మిషనుకు అందిస్తుంటే ఒకరోజు రోలరు పత్తితో పాటు చేతినీ లాక్కుంది. మిల్లువాళ్ళు వైద్యం చేయించి, పత్తి ఏరే షెడ్డులోకి మార్చినారు. అదే పెద్ద దయ అన్నట్టు చెప్పుకున్నారు కూడా. ఇంట్లో మంచాన పడిన అత్త హజరా బీ ఉంది. పని మానితే ఇద్దరికీ కూడు లేదు.

ఏరే పని చూసేవాళ్ళకు సులువు. గోడ నుంచి గోడ దాకా ఆడవాళ్ళు వరుసగా కూచుని, ముందర పోసిన పత్తిలోంచి పుచ్చు, ఎండాకు, మచ్చ పట్టిన గింజ తీసేసి, శుభ్రమైనది పక్కన కుప్ప వేయాల. సాయంత్రం కాటా. కుప్ప బరువును బట్టి కూలి. రెండువేళ్ళ చేత్తో అజీమున్నీసా కుప్ప పిల్ల గువ్వ గూడంత కూడా అయ్యేది కాదు. మేస్త్రీ దేవేంద్రప్ప రెండు రోజులు చూసినాడు, మూడోరోజు నోరు తెరవబోయినాడు. ఆ సాయంత్రమే, కాటా ముందర, గంగమ్మ తన కుప్పలోంచి ఒక పిడికెడు తీసి ఈమె కుప్పమీద వేసింది. పక్కామె చూసి తానూ వేసింది. వరుసంతా వేసింది. గంగమ్మ కొంగు దులుపుకుంటూ, మధ్యాహ్నం ఏదో కత సెప్పినావు కదక్కా, దానికి ఇది అనింది.

అట్ల మొదలైంది కత పిడికిలి. చెప్పినన్నాళ్ళూ వరుసలో ప్రతి మనిషీ ఆమెకు ఒక పిడికెడు.

ఆమె చెప్పే కత మామూలు కత కాదు. ఒక రాజుండెనంట అని తానే మొదలుపెట్టి తానే ముగించేది కాదు. నల్లకోట అని ఒక కోటను నిలబెట్టింది. చుట్టూ ఎండిన నేల, లోపల ఒకటే బావి. ఆ కోటలో మనుషులను వరుసకు పంచిపెట్టింది. గట్టి గొంతు జయమ్మకు కోట తలుపు కావలి. నోరు ఊరుకోని శాంతమ్మకు దొంగ. గంగమ్మకు పసుల కాపరి. ఎవరి వేషం వాళ్ళదే. కత ఒక మలుపుకు వచ్చినప్పుడు అజీమున్నీసా ఏరడం ఆపి, ఇప్పుడు కావలి మనిషి ఏం చేస్తుంది జయమ్మా అని అడిగేది. జయమ్మ పత్తి ఏరుతూనే ఆలోచించి చెప్పేది. ఏం చెబితే అదే కత. దాన్ని కాదనే హక్కు చెప్పేవాళ్ళకు కూడా లేదు. చెప్పేవాళ్ళు దానికి గాలీ వెలుతురూ పెట్టి ముందుకు నడిపించాల, అంతే.

ఇంకొక కట్టుబాటు ఉండేది. వేషం పట్టినామె కాన్పుకో, చావుకో, జాతరకో పోయి షెడ్డుకు రాకపోతే, ఆమె వేషాన్ని ఎవరూ ముట్టకూడదు. ఆ మనిషిని కతలో ఏదో ఒక ఊరికి పంపించేసేవాళ్ళు. బావికి తాడు తేను కృష్ణగిరికి పోయిందనో, మొక్కు తీర్చను నది దాటిందనో చెప్పి, వస్తుందిలే అనుకునేవాళ్ళు. ఆమె తిరిగొచ్చి తన చోట కూచున్న రోజున కతలోనూ ఆ మనిషి దుమ్ము కాళ్ళతో కోటకు తిరిగొచ్చేది. అందరూ పలకరించేవాళ్ళు.

అజీమున్నీసా తనకంటూ చిన్న వేషం పెట్టుకుంది. కోట వాకిట్లో కుండలు పెట్టుకొని దారిన పోయేవాళ్ళకు నీళ్ళు పోసే ముసలమ్మ. నీళ్ళవ్వ. ఆమె కోటను కాపాడేది లేదు, ఎవరితో కొట్లాడేది లేదు. దప్పికైనవాళ్ళకు దోసిట్లో నీళ్ళు పోసి, చల్లగా పోయిరా నాయనా అనేది.

కరువు విడిచిన ఆ ఏడు, పత్తి వచ్చినన్నాళ్ళూ నల్లకోట నడిచింది. శాంతమ్మ దొంగ బావి తాళం దొంగిలిస్తే కాపరి గంగమ్మ పట్టించింది, పట్టించినందుకు గంగమ్మతో శాంతమ్మ నిజంగానే రెండు దినాలు మాట్లాడలేదు. దేవేంద్రప్ప కూడా స్తంభం చాటున నిలబడి వినేవాడు. కత నడిచే మధ్యాహ్నాల్లో చేతులు ఆగవని ఆయనకు ఎరుకే, అందుకే పిడికిళ్ళ సంగతి చూడనట్టు ఉండేవాడు.

మరుసటేడు పత్తి రాగానే అందరూ నల్లకోటకు పైకత కావాలన్నారు. అజీమున్నీసా వానకాలమంతా అత్త కాళ్ళు పిసుకుతూ దాన్ని అల్లుకుంది. నల్లకోట చిన్నదైపోయిందని, కోటకు అవతల ఇసుక రాజ్యం పెట్టింది. ఆ రాజుకు ఏడ్చినా కన్నీళ్ళు రావు, అందుకని నీళ్ళున్న ఊళ్ళన్నిటిమీద పగ. చెబుతుంటే ఆ రాజుమీద కోపం రాదు, జాలి వస్తుంది. అంత బాగా కట్టింది. ఇసుక మేడలు, గుడ్డి ఒంటెలు, నీడ లేని బజారు, ఒక్కొక్కటీ కళ్ళకు కట్టేది.

కానీ వరుసలో ఆవలింతలు మొదలైనాయి. తప్పు యాడుందో ఆమెకు మొదట అర్థం కాలేదు. మధ్యాహ్నం జొన్నరొట్టెలు విప్పుకున్నప్పుడు శాంతమ్మే చెప్పింది. కొత్త దేశం బాగుందంట, రాజు ఇంకా బాగున్నాడంట, అయితే తమకు అక్కడ పనేముందని. సంతకు తీస్కపోయి అంగళ్ళన్నీ సూపించి, ఏమీ కొనియ్యకుండా ఇంటికి తోలుకొచ్చినట్టుందక్కా అనింది. అందరూ నవ్వినారు. నిజమే. ఆ ఇసుక రాజును ఎదిరించను అజీమున్నీసా ఒక ఫకీరును తెచ్చి, వాని మాటలన్నీ తానే చెప్పింది. కావలి, దొంగ, కాపరి గట్టున నిలబడి వాని గొప్ప చూడడమే. సాయంత్రం పిడికిళ్ళు చిన్నవైనాయి. ఇద్దరు ముగ్గురు మరచినట్టే లేచిపోయినారు. ఆ వారం దేవేంద్రప్ప ఆమె కుప్ప దగ్గర రెండుసార్లు నిలబడినాడు.

అప్పుడే జయమ్మ అక్క కూతురి కాన్పుకని కోడుమూరు పోయింది. పోతూ పోతూ, నా కావలి మనిషిని యాడికన్నా పంపియ్యక్కా, వచ్చేదాకా జాగ్రత్త అని నవ్వుతా చెప్పి, ఒత్తులు కొంగున కట్టుకొని పోయింది.

పంపించాల్సింది. ఒక్క మాటతో అయిపోయేది.

ఆ మధ్యాహ్నం ఇసుక సైన్యం కోట ముందర నిలబడి ఉంది. వరుసలో సగంమంది కునుకుతున్నారు. అజీమున్నీసా కుప్ప వైపు చూసుకుంది, స్తంభం దగ్గర మేస్త్రీ వైపు చూసింది. తర్వాత ఆమె నోరు తానే నడిచింది. రాజు మనిషి ఒకడు తలుపు సందులోంచి చీర పీలిక లోపలికి తోసినాడనింది. అది కావలి మనిషి అమ్మ చీర. మీ అమ్మ బయట ఎండలో ఉంది, దప్పికతో ఉంది, ఒక్కసారి తలుపు తియ్యి అన్నాడనింది. కావలి మనిషి ఆ పీలికను ముక్కు దగ్గర పెట్టుకుంది. గడియ మీద చెయ్యి వేసింది.

వరుసంతా చేతులు ఆగిపోయినాయి. శాంతమ్మ వద్దు వద్దంటూ మోకాళ్ళమీద లేచింది.

గడియ లేచింది. బయట అమ్మ లేదు.

సైన్యం లోపలికి పడింది. ఎవరూ అడగకముందే గంగమ్మ, నా కాపరి వాకిట్లో అడ్డం పడుకుంటాడు, తొక్కనీ అనింది. అంటూనే ఏడ్చింది. శాంతమ్మ తన దొంగ ఆడపిల్లలను చీకటి దోవన దాటిస్తుందనింది. ఒక్కొక్కరూ తమ మనిషిని పెట్టి కోటను కాసినారు. పైకతలో అటువంటి మధ్యాహ్నం మళ్ళీ రాలేదు. మేస్త్రీ కూడా తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. సాయంత్రం అజీమున్నీసా కుప్ప మీద పత్తి పొంగి కింద పడింది.

జయమ్మ వచ్చేసరికి ఆమెకు షెడ్డులో కొత్త పేరు ఉంది. తలుపు తీసినామె. నీళ్ళ తొట్టి దగ్గర, కాటా దగ్గర, అందరికీ అదే పరాచికం. తలుపు తీసినామె వచ్చింది, గడియ చూసుకోండమ్మా. జయమ్మ మొదట నవ్వింది. తర్వాత కత మొత్తం అడిగి చెప్పించుకుంది. నవ్వడం మానేసింది. అజీమున్నీసా దగ్గరికి వచ్చి, నా కావలి మనిషికి అమ్మ లేదని పోయినేడు నేనే సెప్పింటి గదక్కా అని మాత్రం అనింది. ఈమె ఆ గురువారానికి ఒత్తులు రెండు ఎక్కువిచ్చింది.

ఆ నెలలోనే షెడ్డులో శుభ్రం చేసిన పత్తి తక్కువ తూగడం మొదలైంది. షావుకారు దేవేంద్రప్పను నలుగురి ముందర నిలబెట్టి తిట్టినాడు. దేవేంద్రప్ప షెడ్డుకు వచ్చి, పత్తి పోతాంది, ఎవరి పని అని అడిగినాడు. అలవాటుగా ఎవరో, తలుపు తీసినామెను అడుగు మేస్త్రీ అన్నారు. అందరూ కిసుక్కుమన్నారు. అది కత మాటని ఆయనకూ తెలుసు. విని ఏడ్చినవాడే కదా. అయితే షావుకారుకు ఎవరినో ఒకరిని వెతికి చూపించాల. వరుసంతా నవ్వే పేరైతే తన మీదికి ఎవరూ తిరగబడరు. జయమ్మను లెమ్మన్నాడు.

జయమ్మ లేచి వరుస వైపు చూసింది. ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చి అజీమున్నీసా దగ్గర ఆగింది. కత చెప్పే మనిషి, ఒక్క మాట చెబితే చాలు. అజీమున్నీసా తల వంచుకొని పత్తిలో లేని పుచ్చును ఏరింది. ఆమెకున్నది ఒకటే భయం. మేస్త్రీకి ఎదురు చెబితే పిడికిళ్ళ సంగతి బయటికి తీస్తాడని.

జయమ్మను గేటు గదికి తీసుకపోయి, వాచ్‌మన్ పెండ్లాం చేత చీర కుచ్చిళ్ళు విప్పి దులిపించినారు. తలుపు ఓరగా ఉంది. బండ్లవాళ్ళు ఆ పక్కనే బీడీలు కాలుస్తున్నారు. దొరికింది కొంగు ముడిలో రెండు ఒత్తులు. వాటిని కూడా వాచ్‌మన్ బయటికి తెచ్చి చూపించినాడు. దొంగపత్తి అన్నాడొకడు, ఇంకొకడు ఇంకేదో అన్నాడు. ఆ మాట నేను రాయను.

జయమ్మ తిరిగొచ్చి తన చోట కూచుని సాయంత్రం దాకా ఏరింది. కాటా వేళకు గంగమ్మ పిడికెడు పత్తితో వంగితే, ఆ చెయ్యి పట్టుకుంది.

"ఎవురి పిడికిలి వాళ్ళే ఉంచుకోండి. ఇంకోసారి ఆ కుప్ప మీద పడితే మేస్త్రీకి నేనే సూపిస్తా. నాకింకేమీ బయం లేదు."

అందరూ చేతులు వెనక్కి తీసుకున్నారు. కొందరికి జయమ్మ ముఖం చూడలేని సిగ్గు, కొందరికి ఇదే అదనని తేలిక. గంగమ్మ మరుసటి దినం తన రొట్టెలో సగం అజీమున్నీసా ఒళ్ళో పెట్టింది. పత్తి మాత్రం వేయలేదు.

అజీమున్నీసాకు తెలిసిన మందు ఒక్కటే. కతలోనే దాన్ని మాన్పాలనుకుంది. తలుపు తీసింది అసలు కావలి మనిషి కాదంట, ఇసుక రాజు మంత్రగాడు ఆమె రూపం కట్టుకొని తీసినాడంట అని చెప్పింది. శాంతమ్మ పగలబడి నవ్వి, కల వచ్చిందని సెప్పక్కా, ఇంకా సులువు అనింది. గంగమ్మ కూడా మెల్లగా, అట్లయితే నా కాపరి చావు ఉత్తదేనా అని అడిగింది. జయమ్మ తలెత్తకుండా, నన్నెవురూ కడగాల్సిన పన్లేదు, తలుపు నేనే తీసినా అనింది. వేషం పట్టినామె నోటి మాట. ఇంక కాదనను లేదు.

ఆ మధ్యాహ్నమే అజీమున్నీసా అలవాటు చొప్పున, ఇప్పుడు కావలి మనిషి ఏం చేస్తుంది జయమ్మా అని అడిగింది. జయమ్మ అప్పుడు తలెత్తింది.

"నీళ్ళవ్వ దగ్గరికొస్తాది. ఒక కుండ పగలగొడతాది."

కట్టుబాటు ప్రకారం చెప్పేవాళ్ళు దాన్ని నడిపించాల. అజీమున్నీసా నడిపించింది. కుండ ఎట్ల పగిలిందో, నీళ్ళు ఎండిన నేలమీద ఎంత దూరం పాకి ఎట్ల ఇంకిపోయినాయో, నీళ్ళవ్వ పెంకులను కొంగులో ఎట్ల ఏరుకుందో చెప్పింది. చెడ్డగా చెప్పను ఆమెకు చేత కాదు. దేవుడు ఆమెకు ఇచ్చిన వరమే ఆనాడు ఆమెకు శిక్ష.

మరుసటి దినం ఇంకొక కుండ. ఆ మరుసటి దినం నీళ్ళవ్వ నీడకు కట్టుకున్న గోనెపట్ట లాగేసింది. ఒకరోజు ముసలిదాన్ని లేపి నిలబెట్టి, దారినపోయే దండు ముందర కొంగు దులిపించింది. దాన్నీ అజీమున్నీసా తన నోటితోనే చెప్పింది. కొంగులోంచి పెంకులు రాలినాయనింది. వరుసలో ఒక్కరూ ఆవలించలేదు. మిల్లు కూత వేసినా లేచేవాళ్ళు కాదు, ఇంకొంచెం సెప్పక్కా అనేవాళ్ళు. పైకత ఇప్పుడు కదా రుచికి వచ్చింది అనింది శాంతమ్మ. చెప్పి, అందరితో పాటు తన కుప్పను తాను కాటాకు ఎత్తుకొని పోయింది.

అజీమున్నీసా కుప్ప అట్లనే గువ్వ గూడంత. ఎనిమిదో దినమో తొమ్మిదో దినమో దేవేంద్రప్ప దాన్ని తట్టలో పోసి, ఒంటిచేత్తో ఎత్తి చూపించి, శుక్రవారం దాకానే పని, చూసుకో అవ్వా అన్నాడు. ఆమెకు నలభై ఏండ్లు కూడా నిండలేదు. కత విని విని ఆయనకూ ఆమె నీళ్ళవ్వే అయిపోయింది. ఇంటి దగ్గర హజరా బీకి ఆమె ఏమీ చెప్పలేదు. ముసలామెకు జొన్నగంజి తాపుతూ, కోట ఎట్లుందే అని అడిగితే, బాగుంది అమ్మీజాన్, జనం బాగా వింటాండారు అని మాత్రం చెప్పింది.

శుక్రవారం కూడా కంప దగ్గర ఆగింది. ఒత్తులు చేసింది. షెడ్డులోకి వచ్చి ఎవరివి వాళ్ళకు పంచింది. గేటు గది అయినాక జయమ్మ ఆ ఒత్తులతో చేతి జిడ్డు తుడుచుకొని చెత్తలో వేసేది. ఆ దినమూ అంతే చేసింది. మధ్యాహ్నం కత అడగబోతే, జయమ్మ ఈ దినం నా మనిషి ఏమీ చేయదు అనింది. రేపటి నుంచి కత తానే చెబుతానని షెడ్డంతా అప్పటికే చెప్పేసింది. పిడికిళ్ళు ఎవరూ వేయాల్సిన పని లేదు, తన చేతులు బాగున్నాయి అనింది.

కాటా అయిపోయింది. ఆడవాళ్ళు గేటు వైపు కదిలినారు. గంగమ్మ ఒక అడుగు వెనక్కి వేసి, ఏమి చేయాలో తెలియక, అజీమున్నీసా పరిచి కూచునే గోనెను మడిచి ఆమె చేతికిచ్చి పోయింది. జయమ్మ తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటోంది. అజీమున్నీసా పోయి పక్కన నిలబడింది. రెండువేళ్ళ చేతిని కొంగు కింద పెట్టుకుంది. పని అడగలేదు. మేస్త్రీతో ఒక మాట చెప్పమనలేదు. జయమ్మ నీళ్ళు పోసుకుంటూనే ఉంది, చెంబు మాత్రం ఒకసారి గాల్లో ఆగింది.

"రేపట్నుంచి కత నీ నోట్లో ఉంటాది సెల్లీ. నా నీళ్ళవ్వ ఆ వాకిట్లోనే ఉండిపోయింది, నేనుండను. ఆయమ్మను సంపొద్దు. యాడికన్నా పంపించు. కుండల్లేకున్నా పరవాలేదు, నడిచిపోతాది. మళ్ళీ వస్తాదని మాత్రం ఒక్క మాట సెప్పి పంపించు."